జొవన్ని బెర్గోల్యో: వలసపోయిన ఒక తాతగారి చరిత్ర

ఇటలీ దేశమునకు వాయవ్యమున, ఆల్ప్స్ పర్వతముల అడుగున, పీడ్మాంట్ అను సీమ కలదు. కొండపాదము అనియే ఆ పేరునకు అర్థము. ఆ సీమకు ముఖ్యపట్టణము టూరిన్ నగరము. టూరిన్‌కు తూర్పుగా ఆస్తి అను పట్టణమును, దానికి చేరువ పోర్తకొమారో అను చిన్న గ్రామమును ఉన్నవి. మన ఆస్తిపాస్తులకును ఆ పట్టణము పేరునకును సంబంధము లేదు గాని, తరతరములుగా అచ్చటి రైతుల ఆస్తి ద్రాక్షతోటలే. పల్లపు గుట్టలు, వాని వాలులపై వరుసలు తీర్చిన ద్రాక్షతీగలు, గుట్ట నెత్తిన ఒక దేవాలయము, దాని చుట్టును ఇండ్లు. ఇది ఆ ప్రాంతపు గ్రామముల స్వరూపము. పోర్తకొమారో గ్రామమును ఆనుకొనియున్న ఒక గుట్టపై బెర్గోల్యో వంశీయుల పూర్వపు ఇల్లు ఉండెను. ఆ పేరును మన పత్రికలు బెర్గోగ్లియో అని వ్రాయుచు వచ్చినవి; ఇటలీవారి నోట అది బెర్గోల్యో అని పలుకును.

ఆ వంశమున పుట్టి, నడివయసున సముద్రము దాటి, దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమునకు వలసపోయి, అచ్చట సర్వమును పోగొట్టుకొని, మరల ఒక పచారీ కొట్టుతో బ్రదుకు మొదలుపెట్టిన కథోలిక గృహస్థు జొవన్ని బెర్గోల్యో. ఆయన రాజ్యమేలినవాడు కాడు, గ్రంథములు రచించినవాడును కాడు. ఆయన మనుమడు 2013 మార్చి 13వ తేదీన రోమునగరమున పోపుగా ఎన్నుకొనబడి, ఫ్రాన్సిస్ అను పేరు ధరించి, పండ్రెండేండ్లు కథోలిక శ్రీసభను పాలించెను. తెలుగు కథోలికులు జగద్గురువులని వ్యవహరించునది ఆ పదవినే. మనుమని చరిత్ర అందరికిని తెలిసినది. ఆ మనుమడు పదవిలో నుండి చేసిన పనులలోను, పలికిన మాటలలోను ఎంత భాగము ఆ తాత ఇంటినుండి వచ్చినదో విచారించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

జొవన్ని 1884లో జన్మించెను. పల్లెపట్టు విడిచి టూరిన్ నగరము చేరి, అచ్చట 1907లో రోసా మార్గెరీతా వస్సాల్లో అను యువతిని సాంత తెరేసా దేవాలయమున వివాహమాడెను. రోసా లిగూరియా సీమలోని సవోనా ప్రాంతమున పుట్టి, చిన్నతనముననే టూరిన్ చేరి, కుట్టుపని నేర్చిన స్త్రీ. మరుసటి సంవత్సరము, అనగా 1908లో, వారికి మారియో అను కుమారుడు కలిగెను. ఆ దంపతులకు నిలిచిన బిడ్డ అతడొక్కడే. వివాహము జరిగిన దేవాలయముననే అతనికి జ్ఞానస్నానమును జరిగినది.

1915 మే మాసమున ఇటలీ మొదటి ప్రపంచయుద్ధమున దిగెను. ముప్పదియేండ్లు దాటిన సంసారియైనను జొవన్ని సైన్యమున చేరవలసివచ్చెను. ఆస్ట్రియా సేనలకును ఇటలీ సేనలకును ఈశాన్యపు సరిహద్దున, ఇసోంజో, ప్యావె నదుల తీరములందు, మూడేండ్లు పోరాటము సాగినది. 1917 అక్టోబరులో కపోరెత్తో వద్ద ఇటలీ సేన విరిగి, వెనుదిరిగి, ప్యావె నది గట్టున నిలదొక్కుకొనెను. 1918 నవంబరు 4వ తేదీన ఆ రంగమున యుద్ధము ముగియునప్పటికి ఇటలీ పక్షమున మడిసినవారు సుమారు 6 లక్షలు. జొవన్ని బ్రదికి ఇల్లు చేరెను. ఆ కందకములలో కన్నవానిని ఆయన మరువలేదు. తమ సేనాధిపతిని ఎగతాళిచేయుచు సిపాయిలు కట్టుకొనిన పాటలను, ఆ నదిగట్టున పోయినవారి కథలను, చాల ఏండ్ల పిమ్మట సముద్రమునకు ఆవలి యొడ్డున మనుమనికి చెప్పుచుండెను. యుద్ధమన్న నేమో తాను తన తాతగారి నోటనే తెలిసికొంటినని ఫ్రాన్సిస్‌గారు పలుమారు చెప్పియున్నారు. 2014 సెప్టెంబరు 13వ తేదీన ఆయన రెదిపూల్యా అను చోట, లక్షమందికి పైగా ఇటాలియను సైనికుల అస్థులున్న స్మారకస్థలమున పూజ చేసినప్పుడు, జొవన్ని సైనిక సేవకు సంబంధించిన పత్రమును ప్రభుత్వమువారు ఆయన చేతికిచ్చిరి.

యుద్ధానంతరము ఆ కుటుంబము ఆస్తి పట్టణము చేరి, అచ్చట మిఠాయిలు, కాఫీ అమ్ము దుకాణమొకటి నడుపుకొనుచుండెను. దుకాణము బాగుగనే సాగినది. భక్తి విషయమున ఆ ఇంట ముందు నడిచినది రోసా. కథోలిక క్రియాసంఘము అను గృహస్థుల సమాజమున ఆమె చురుకుగా పనిచేసి, స్త్రీల సభలలో ఉపన్యాసములిచ్చుచుండెను. 1922లో ముస్సోలినీ అధికారమునకు వచ్చిన పిదప అట్టి సంఘములపై నిర్బంధములు మొదలైనవి. ఒకమారు ఆమె ప్రసంగింపవలసిన మందిరమునకు అధికారులు తాళము వేయించిరట. ఆమె వీధిలో ఒక బల్ల వేయించుకొని, దానిపై కెక్కి, చెప్పవలసినది చెప్పి మరి దిగెనట. భార్య వీధిలో బల్ల నెక్కి మాటాడిన మరునాడు అదే వీధిలో దుకాణము తెరచి కూర్చుండుటకును కొంత గుండె కావలెను. జొవన్ని భక్తి ఆ జాతిది. అది మాటలలోకంటె ఓర్పులో ఎక్కువ కనబడును.

ఇచ్చట ఆనాటి ఇటలీవారి వలసలనుగూర్చి కొంత చెప్పవలసియున్నది. 1876 మొదలు 1915 వరకు ఇటలీ విడిచి పరదేశములకు పోయినవారి సంఖ్య సుమారు 1 కోటి 40 లక్షలు. వీరిలో ఉత్తర అమెరికాకు పోయినవారు కొందరు, బ్రెజిల్, అర్జెంటీనాలకు పోయినవారు కొందరు. అర్జెంటీనాకు భూమి విస్తారము, జనము స్వల్పము. ఐరోపావారి వలసను ప్రోత్సహింపవలెనని ఆ దేశపు 1853 నాటి రాజ్యాంగమునందే వ్రాసికొనిరి. భూమధ్యరేఖకు దక్షిణమున ఋతువులు తారుమారు గనుక, ఇటలీలో చలికాలమైనప్పుడు అచ్చట గోధుమకోతలు. ఇటలీ కూలీలు కొందరు ఏటేట ఓడనెక్కిపోయి, కోతలు కోసి, కూలి కట్టుకొని, తమ ఊరి దుక్కులవేళకు తిరిగివచ్చుచుండెడివారు. వారిని వానకోవెలలని, అనగా గొలొంద్రీనాలని, అచ్చటివారు పిలిచెడివారు. మన కూలీలు కోతలకు పొరుగు మండలములకు పోయివచ్చినట్లు వీరు అట్లాంటిక్ మహాసముద్రమును దాటి పోయివచ్చిరని తలచిన ఆశ్చర్యము కలుగును. 1914 నాటి జనాభాలెక్కలలో అర్జెంటీనా జనులలో నూటికి సుమారు 30 మంది పరదేశమున పుట్టినవారే. 1921లోను, 1924లోను అమెరికా సంయుక్తరాష్ట్రములు చట్టములు చేసి ఇటలీవారి రాకను మిక్కిలి తగ్గించగా, దక్షిణపు దారియే పెద్దదారి అయ్యెను.

జొవన్ని సోదరులు మువ్వురు ఆ దారినే పోయి, 1922 నాటికి అర్జెంటీనాలో పరానా అను నగరమున స్థిరపడి, వీధులు పరచు కంట్రాక్టు కంపెనీ పెట్టియుండిరి. పరానా నగరము అదే పేరుగల మహానది ఒడ్డున నున్నది. ఎంత్రె రియోస్ రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. కంపెనీ వృద్ధిలోనికి వచ్చెను. సోదరులు నాలుగంతస్తుల మేడ కట్టించిరి. దానికి ఒక గుమ్మటము, లోపల లిఫ్టు. ఆ నగరమున లిఫ్టు గల మొదటి ఇల్లు అదియే. అంతస్తునకు ఒక సోదరుడు చొప్పున కాపురముండవలెనని వారి సంకల్పము. నాలుగవ అంతస్తునకు జొవన్ని రావలసియున్నది.

కావున జొవన్ని వలస పేదరికమువలన కలిగినది కాదు. దుకాణము నడచుచునే యున్నది. అన్నదమ్ములందరు ఒకచోట నుండవలెనను కోరిక ముఖ్యకారణమని ఆ ఇంటివారే చెప్పుకొనిరి. ఆనాటి ఇటలీలో దేశపు గాలి ఎట్లు మారుచుండెనో తెలిసినవారికి, బల్ల నెక్కి మాటాడిన రోసా కథ విన్నవారికి, రెండవ కారణమును ఊహించుట కష్టము కాదు.

దుకాణమమ్మి, 1927 శరత్కాలమున బయలుదేరవలెనని నిశ్చయించిరి. జెనోవా రేవునుండి బయలుదేరు ప్రిన్చిపెస్సా మఫాల్దా అను ఓడకు టిక్కెట్లు తీసికొనిరి. 1908లో నీట దిగిన ఆ ఓడ ఒకనాడు ఇటలీ ఓడలలో మిక్కిలి సొగసైనదని పేరొందినది. 1927 నాటికి అది ముసలిదై, యంత్రములు సడలియుండెను. దుకాణమునకు తగిన బేరము సకాలమున కుదరలేదు. సొమ్ము చేతికి రానిది ప్రయాణ మెట్లు? చేయునది లేక టిక్కెట్లు మార్చుకొని ఆగిపోయిరి. ఓడ వారు లేకయే అక్టోబరు 11వ తేదీన బయలుదేరి, 25వ తేదీ సాయంకాలము బ్రెజిల్ దేశపు తీరమున, వెనుకటి చక్రపు ఇరుసు విరిగి, లోనికి నీరు చొచ్చి మునిగిపోయెను. 300 మందికి పైగా చనిపోయిరి. వారిలో అడుగు తరగతిలో ప్రయాణించుచుండిన వలసకూలీలు అనేకులు.

బేరము కుదరకపోవుటయే ఆ మువ్వురి ప్రాణములు కాపాడినది. ఫ్రాన్సిస్‌గారు ఈ సంగతిని జీవితాంతము తలంచుకొనుచునే యుండిరి. 2025 జనవరిలో వెలువడిన తన ఆత్మకథను ఆయన ఈ ఓడ మునకతోనే ఆరంభించిరి. ఒక కొట్టుకు కొనుగోలుదారు తొందరపడియుండినచో తాను పుట్టియే యుండనని ఆయన తెలిసియుండిరి.

పిమ్మట ఏడాదికి మించి కాలము గడచినది. దుకాణము అమ్ముడుపోయెను. జొవన్ని, రోసా, ఇరువదియేండ్ల మారియో, 1929 సంవత్సరారంభమున జూల్యో చేజరె అను ఓడనెక్కి, రెండువారముల ప్రయాణము చేసి బోయనోస్ ఐరెస్ రేవున దిగిరి. ఇటలీలో చలి, ఇచ్చట నడివేసవి. రేవున దిగిన జనమందరు చెమటలు క్రక్కుచుండ, రోసా మాత్రము నక్కబొచ్చు కాలరు గల దళసరి కోటు ధరించియే దిగెను. కోటు అస్తరులో దుకాణమమ్మిన సొమ్ము కుట్టియుండెను. కుట్టుపని నేర్చిన చేయి గనుక కుట్టు ఎవరి కంటను పడలేదు.

పరానా చేరి మేడలో కాపురము పెట్టిరి. మారియో లెక్కలపని చదివినవాడు. కంపెనీలో పనిలో చేరెను. ఇక సుఖమే అనుకొనిన కాలమది. ఆ సంవత్సరముననే, అక్టోబరు మాసమున, న్యూయార్కు నగరపు వాటాల బజారు కూలిపోయెను. గోధుమను, మాంసమును ఎగుమతిచేసి బ్రదుకు అర్జెంటీనాకు ఆ దెబ్బ గట్టిగా తగిలినది. ధరలు పడిపోయినవి. 1930 సెప్టెంబరులో సైన్యము తిరుగబడి ప్రభుత్వమును పడద్రోసెను. ఇట్టి కాలమున వీధులు పరపించుకొను నగరములెన్ని? సోదరులలో కంపెనీకి అధ్యక్షుడుగా నున్నవాడు కాన్సరు వ్యాధిచే మరణించెను. 1932 నాటికి కంపెనీ పూర్తిగా మునిగెను. నాలుగంతస్తుల మేడ అమ్మిరి. శ్మశానమున తమ వంశమునకై కట్టించుకొనిన సమాధిమందిరమునుకూడ అమ్మిరి. చచ్చినవారి చోటుకూడ అమ్ముకొనవలసివచ్చినదనగా ఇంక మిగిలినదేమి? మిగిలిన సోదరులు చెదరిపోయిరి. ఒకడు బ్రెజిల్ పోయెను. అన్నదమ్ములు ఒకచోట నుండవలెనని సముద్రము దాటివచ్చిన జొవన్ని, మూడేండ్లకే భార్యను, కుమారుని వెంటబెట్టుకొని, చేతిలో ఏమియు లేక బోయనోస్ ఐరెస్ చేరెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదికి చేరువ.

ఈ ఘట్టమున సలేసియను గురువుల ప్రస్తావన రావలెను. టూరిన్ నగరమున దోన్ బోస్కోగారు పేదబాలుర చదువునకై స్థాపించిన సభ అది. డాన్ బాస్కో పేరుతో మన దేశమునందును అనేక పాఠశాలలున్నవి గనుక ఆ పేరు పాఠకులకు క్రొత్త కాదు. ఆ సభవారు విదేశములకు పంపిన మొట్టమొదటి బృందము 1875 నవంబరులో బయలుదేరి చేరినది అర్జెంటీనాకే. జొవన్ని కాగ్లియెరో అను గురువు దానికి నాయకుడు. వలసవచ్చిన ఇటలీవారికి పూజలు, పాపసంకీర్తనములు, బడులు, వృత్తివిద్యలు, ఉద్యోగపు సిఫారసులు, అన్నియు వారి మఠములనుండియే జరుగుచుండెను. టూరిన్‌నుండి వచ్చినవానికి టూరిన్ వారి మఠము పుట్టింటి వంటిది. మారియో పనులమీద పరానానుండి బోయనోస్ ఐరెస్ వచ్చినప్పుడెల్ల ఆ మఠముననే బస చేయుచుండెను. అచ్చటనే అతనికి ఎన్రికో పొజ్జోలిగారు అను ఇటాలియను గురువు పరిచయమైరి. పొజ్జోలిగారికి రెండు సరదాలు: గడియారములు బాగుచేయుట, ఛాయాచిత్రములు తీయుట. అంతకుమించి, కష్టమున నున్న కుటుంబములకు దారి చూపుటలో ఆయన దిట్ట.

దివాలా తీసి వచ్చిన జొవన్నిని ఎవరు నమ్మి అప్పు ఇత్తురు? తాకట్టు పెట్టుటకు ఇల్లు లేదు, హామీ యుండుటకు అన్నదమ్ములు లేరు. పొజ్జోలిగారు మధ్యవర్తియై మాట సాయము చేయగా 2,000 పెసోలు అప్పు పుట్టెను. ఆ సొమ్ముతో జొవన్ని ఒక పచారీ కొట్టు కొనెను. అట్టి కొట్లలో పిండి, బియ్యము, నూనె, పంచదార, ద్రాక్షసారాయము మొదలుకొని దీపపు వత్తుల వరకు అమ్ముదురు. పేటలోని ఆడవారు అరువు పెట్టుకొని, నెలజీతములు వచ్చినప్పుడు పద్దు తీర్చుదురు. నిన్నటివరకు కంపెనీ లెక్కలు వ్రాసిన మారియో, గంపనిండ సరకు పెట్టుకొని ఇల్లిల్లు తిరిగి దింపివచ్చుచుండెను. వేరొకచోట లెక్కలపని దొరకువరకు అతడు చేసినది ఆ పనియే. తండ్రి కొట్టులో, కుమారుడు వీధిలో. తాము వచ్చునప్పుడు ఎంత సహజముగా ఓడనెక్కిరో అంత సహజముగనే మరల మొదలుపెట్టిరనియు, అది ఆ తరమువారి బలమనియు ఫ్రాన్సిస్‌గారి అభిప్రాయము.

జొవన్ని భక్తికి గీటురాయి ఈ సంవత్సరములే. మేడ పోయిన పిమ్మట దేవునిపై అలిగిన వారును, గుడి ముఖము చూచుట మానినవారును ఏ మతమునందైనను కలరు. ఆ ఇంట అట్టిది జరుగలేదు. అప్పు తెచ్చిపెట్టిన గురువే ఆ ఇంటి శుభకార్యములకు పురోహితుడాయెను. మారియో 1934లో అల్మాగ్రో పేటలోని సలేసియను వారి ప్రార్థనాలయమున రెహీనా సీవొరి అను కన్యను చూచి, 1935 డిసెంబరు 12వ తేదీన వివాహమాడెను. ఆమె వారు కూడ ఇటలీనుండి వచ్చినవారే. 1936 డిసెంబరు 17వ తేదీన ఫ్లోరెస్ పేటలో వారి తొలిబిడ్డ పుట్టెను. క్రిస్మసు పండుగనాడు పొజ్జోలిగారు ఆ బిడ్డకు హోర్హె మారియో అని జ్ఞానస్నానమిచ్చిరి. నాయనమ్మ రోసాయే జ్ఞానతల్లి.

ఏడాది తిరిగిన కొలదికాలమునకే రెండవ బిడ్డ పుట్టగా, ఇంటిపని తెమలక తల్లి సతమతమగుచుండెను. తాతగారి ఇల్లు చేరువనే యుండెను. రోసా ప్రతి ఉదయము వచ్చి పెద్దపిల్లవానిని తీసికొనిపోయి, సాయంకాలము తెచ్చి దింపుచుండెను. ఆ విధముగా ఆ బాలుని తొలిచదువు తాత నాయనమ్మల ఇంట జరిగెను. ఆ యింట ఇరువురును తమలో తాము మాటాడుకొనునది పీడ్మాంట్ సీమ భాష. అది ఇటాలియను భాషకు దగ్గరదే గాని వేరు. ఆ బాలుడు విని విని దానిని నేర్చెను.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. తండ్రియైన మారియో ఇంట ఆ భాష మాటాడలేదు; బిడ్డలతో స్పానిషు భాషయే మాటాడెను. విడిచివచ్చిన ఊరిపై బెంగ ఉన్నట్లు ఎన్నడును కనబరచలేదు. కనబరచలేదనగా అది లోపల ఉండుటచేతనే యని కుమారుడు తరువాత అర్థము చేసికొనెను. వలసపోయిన కుటుంబములందు ఇది తరచుగ జరుగునదే. వయసున వచ్చినవాడు క్రొత్త దేశమున కలసిపోవలెనని పాతదానిని కప్పిపుచ్చును. వయసు మళ్ళి వచ్చినవానికి ఆ తొందర లేదు. జొవన్ని, రోసాలు ఆ భాష మానియుండినచో మనుమనికి పోర్తకొమారో ఒక పటములోని చుక్కయై యుండెడిది. పీడ్మాంట్ కవియగు నీనో కోస్తా, తన సీమనుండి పరదేశములకు పోయి పనిచేయువారికి అంకితముగా ఆ భాషలో వ్రాసిన గేయమును ఆయన కంఠస్థము చేసియుండిరి. 2015 జూన్ 21వ తేదీన టూరిన్ నగరమున, పోపు హోదాలో, వేలాది జనము నడుమ దానిలోని చరణములను వినిపించిరి.

భక్తి నేర్పినది ఎక్కువగా రోసాయే. పవిత్ర శుక్రవారమునాడు దీపములతో సాగు ఊరేగింపునకు మనుమలను తీసికొనిపోయి, మృతుడైన క్రీస్తు ప్రతిమ ఎదుట మోకరింపజేసి, ఆయన మరణించెననియు, మరల లేచుననియు చెప్పుచుండెను. మరియొక చిన్నకథ మన ప్రాంతమువారికి ప్రత్యేకముగా రుచించును. ఒకనాడు ఆమె చిన్నమనుమని చేయి పట్టుకొని వీధిని పోవుచుండ, సాల్వేషన్ ఆర్మీకి చెందిన ఇద్దరు స్త్రీలు తమ సంఘపు టోపీలు పెట్టుకొని ఎదురు వచ్చిరి. వారు మఠకన్యలా యని బాలుడడిగెను. కాదు, వారు ప్రొటెస్టెంటులు, అయినను మంచివారు అని ఆమె చెప్పినది. గుంటూరు సీమలో స్టూవర్టుపురము సెటిల్‌మెంటును నడిపిన సాల్వేషన్ ఆర్మీ ఇదియే. ఒకే పేటలో ఆర్.సి.ఎం. గుడి, లూథరన్ గుడి, బాప్టిస్టు గుడి ప్రక్కప్రక్కన నుండగా, ఒకరి ముఖమొకరు చూడని రోజులు ఎరిగినవారికి, 1940 ప్రాంతమున ఒక కథోలిక ముదుసలి నోటినుండి ఆ ‘అయినను’ వెలువడుటలోని విలువ తెలియగలదు. అన్యశాఖలవారితో సఖ్యమును తాను మొదట నేర్చినది ఆనాడేయని ఫ్రాన్సిస్‌గారు చెప్పెడివారు.

హోర్హె గురువిద్యకు పోవలెనని నిశ్చయించుకొన్నప్పుడు తల్లి ఒప్పలేదు. 1955 డిసెంబరులో, తల్లిదండ్రుల వివాహమై 20 ఏండ్లు నిండిననాడు, ముదుసలి పొజ్జోలిగారే నడుమ కూర్చుండి మాటలు నడిపిరి. దేవుడు పిలిచినచో సంతోషము, తిరిగిరాదలచినచో ఇంటి తలుపులు తెరచియే యుండునని నాయనమ్మ అభయమిచ్చెను. 1961లో మారియో మరణించెను. అదే సంవత్సరమున పొజ్జోలిగారును గతించిరి. 1969 డిసెంబరు 13వ తేదీన హోర్హె గురుపట్టాభిషేకము పొందునప్పటికి రోసా ఎనుబదియైదేండ్ల వృద్ధురాలు. మనుమనికి సగము స్పానిషులోను, సగము పీడ్మాంట్ భాషలోను వ్రాసిన లేఖ నొకదానిని ఆమె ముందుగనే సిద్ధపరచియుండెను. ఆమె 1974లో పరమపదించెను. ఆమె మనుమలకు వ్రాసియిచ్చిన హితవాక్యముల కాగితము ఫ్రాన్సిస్‌గారి నిత్యప్రార్థన పుస్తకమున చివరివరకు ఉండెను.

పోపు పదవికి వచ్చిన నాలుగు మాసములలోపల, 2013 జూలై 8వ తేదీన, ఫ్రాన్సిస్‌గారు రోము వెలుపలికి చేసిన మొదటి ప్రయాణము లాంపెదూసా దీవికి. ఆఫ్రికానుండి చిన్నపడవలలో ఐరోపాకు వచ్చుచు మునిగిపోయిన వలసవారికొరకు అచ్చట సముద్రమున పుష్పచక్రము విడిచి, పూజ చేసిరి. రాజకీయములెరిగినవారు దానికి రాజకీయార్థములు చెప్పిరి. ప్రిన్చిపెస్సా మఫాల్దా కథ ఎరిగినవారికి వేరు వ్యాఖ్య అవసరము లేకపోయెను. 2015 సెప్టెంబరు 24వ తేదీన అమెరికా శాసనసభల ఎదుట తాను వలసవచ్చినవారి బిడ్డనని చెప్పుకొనిరి. 2019లో రోమునగరపు సెయింట్ పీటర్స్ ప్రాంగణమున, ఒకే పడవలో క్రిక్కిరిసిన 140 మంది వలసవారి కంచువిగ్రహము నెలకొల్పబడెను. 2021లో, ప్రతియేట జూలై నాలుగవ ఆదివారమును తాతలు, అవ్వలు, వృద్ధుల దినముగా జరుపవలెనని కథోలిక శ్రీసభ యంతటికిని ఆదేశమిచ్చిరి.

తెలుగువారికి ఆయనతో నేరుగా సంబంధమొకటి కలిగినది. 2022 ఆగస్టు 27వ తేదీన, కర్నూలు సీమలో పుట్టి, హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నున్న పూల అంతోనిగారిని ఆయన కార్డినల్ పదవికి ఎత్తిరి. తెలుగువారిలో ఆ పదవి నందిన మొదటివారు వీరే. 2025 మే మాసమున క్రొత్త పోపును ఎన్నుకొనిన సభలోను వీరు పాల్గొనిరి.

ఆ సంవత్సరముననే, 2022 నవంబరు 19, 20 తేదీలలో, ఫ్రాన్సిస్‌గారు మోకాలి నొప్పితో చక్రాల కుర్చీలో ఆస్తి పట్టణము చేరి, బంధువులను చూచి, పోర్తకొమారో గ్రామమునకు పోయి, ఆస్తి ప్రధానాలయమున పూజ చేసిరి. జొవన్ని ఆ నేలను విడిచి అప్పటికి తొంబదిమూడేండ్లు దాటినది.

2025 ఏప్రిల్ 21వ తేదీన ఫ్రాన్సిస్‌గారు కాలధర్మము చెందిరి. వారి కోరిక ప్రకారము 26వ తేదీన రోములోని సాంత మరియ మజ్జోరె దేవాలయమున భూస్థాపన జరిగెను. సమాధికి అలంకారములేవియు లేవు, పేరుమాత్రము చెక్కియున్నది. దానికి వాడిన రాయి లిగూరియానుండి తెప్పించినది. నక్కబొచ్చు కోటు అస్తరులో దుకాణపు సొమ్ము కుట్టుకొని దిగిన రోసా పుట్టినది ఆ సీమయందే.